పేరు లేని పీపాలు

ఫ్యాక్టరీ వెనక వీధి,
ఎండలు ముదిరే వేళ.

మరదలికి బావ ఆశీస్సులు.

ఇక్కడ అందరం కులాసా, నా మోకాళ్లు తప్ప. వాటి సంగతి విడిగా రాస్తాను. రెండున్నాయి కాబట్టి రెండు కాగితాలు పడతాయి. ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. నేను ఫోన్‌లో దొరికితే పొయ్యి మీద గిన్నె మాడుతుందని నువ్వే అన్నావు. ఉత్తరమైతే నన్ను మధ్యలో ఆపి, కూర కలిపి, తీరిగ్గా వచ్చి మళ్లీ మొదలుపెట్టొచ్చు. ఆగమంటే ఆగే బావ ఇంకెవరికైనా ఉన్నాడా?

ప్రతి ఏడూ పంపే డబ్బా ఈసారీ పంపుతున్నాను. ఫ్యాక్టరీ మాలాంటి రిటైరైనవాళ్లను మర్చిపోకుండా చేతులు కడుక్కునే సబ్బునీళ్ల డబ్బా ఒకటి ఇంటికి పంపిస్తుంది. "ఇంత సబ్బు పెట్టి కడగాల్సిన పాపం మనమేం చేశాం" అంటుంది మీ అక్క. నువ్వు పురుళ్లు పోసే నర్సువి, రోజంతా చేతులు కడుక్కోవడమే నీ పని. న్యాయంగా ఇది నీకే చెందాలి.

కిందటిసారి అడిగావు, ఇందులో ఏమేం ఉంటాయి బావగారూ అని. చెబితే నవ్వకూడదు. జీవితమంతా ఆ కలిపే గదిలో గడిపినా వాటి అసలు పేర్లు నాకు తెలియవు! మా పాత యజమానికి తన రహస్యం ఎవరో ఎత్తుకుపోతారని భయం. పీపా గేటు దాటి లోపలికి రాగానే దాని మీది చీటీ గీకించి, ఒక రంగు గీత వేయించేవాడు. ఎర్ర గీత రెండు చెంబులు, పచ్చ గీత ఒక గరిటె, అదీ మా చదువు. గీతలను గుర్తుపెట్టుకోవడం ఎవరి తరం? మేమే పేర్లు పెట్టుకున్నాం. నురుగొచ్చేది కొత్తల్లుడు: హడావుడి బోలెడు, నీళ్లు పోస్తే ఏమీ మిగలదు. చిక్కదనం ఇచ్చేది పెద్దమ్మ: తను కదలదు, ఇంకొకరిని కదలనివ్వదు. నిమ్మవాసన మేనమామ. ఇక ఘాటుది అత్తగారు: మూత తీస్తే గది ఆ చివర కునికేవాడు కూడా లేచి నిలబడతాడు. (మీ అమ్మను అనడం లేదు. ఆవిడకు చదివి వినిపించేటప్పుడు ఈ వాక్యం దాటెయ్యి.)

వీళ్లందరిలో నాకు ఇష్టమైనది చిన్నకోడలు. రంగు లేదు, వాసన లేదు, నోట్లో నాలుక లేదు. ఒక్క చెంచాడు వేస్తే ఏడాదైనా సరుకు బూజు పట్టదు, చెడదు. ఇల్లు నిలబెట్టేది ఇలాంటివాళ్లే అని ఆ పీపాకు దణ్ణం పెట్టి మరీ మూత తీసేవాళ్లం.

ఏదైనా మూత తీయకుండానే పసిగట్టే ముక్కు నాది. ఈ ముక్కు పూచీ మీద చెబుతున్నాను, చంటిపిల్లకు పోసినా భయం లేని సరుకు ఇది. ధారాళంగా వాడు.

నీ బావ.


ప్రసూతి కేంద్రం మేడ మీది ఇల్లు,
తొలి వాన పడ్డ మర్నాడు.

బావగారికి నమస్కారాలు.

డబ్బా అందింది. మీ ఉత్తరం అమ్మకు చదువుతూ ఆ వాక్యం దాటేద్దామనుకుంటే, "అక్కడెందుకే తడబడ్డావ్" అని పట్టేసింది. విన్నాక, "అల్లుడికి దేవుడు ముక్కొక్కటే ఇచ్చాడు, మిగతావన్నీ మా పెద్దదే సర్దుకొస్తోంది" అంది. తొంభైకి దగ్గరపడినా మీ మీద మాట దొరికితే చాలు, ఆ పూట ఒక ముద్ద ఎక్కువే తింటుంది.

ఇక్కడ పనులన్నీ ఎప్పటిలాగే. రాత చూసి కంగారు పడకండి. వేలికి చిన్న గాయమైతే అమ్మాయి చేత రాయిస్తున్నాను. అక్కను అడిగానని చెప్పండి. మోకాళ్ల ఉత్తరం కోసం ఎదురుచూస్తుంటాను, తొందరేం లేదు.

మీ మరదలు.

పెదనాన్నా, అమ్మ చెప్పింది అయిపోయింది. ఇక్కణ్ణుంచి నేను రాస్తున్నాను, తనకు తెలియదు. తను అవతల గదిలో అమ్మమ్మకు తల దువ్వుతోంది. దువ్వెన సరిగా పట్టుకోలేక తంటాలు పడుతోంది. గాయం వేలికి కాదు. రెండు అరచేతులూ పగిలి, ఎర్రగా ఉబ్బి, నెత్తురు ఓడుతున్నాయి. కిందటేడు దురదతో మొదలైంది. మీ డబ్బా వల్లేమోనని నేనంటే, "నోర్ముయ్, అది మా బావ చేత్తో పుట్టిన సరుకు" అని ఇంకో రెండు చుక్కలు ఎక్కువ పోసి కడిగింది. చేతులు పగిలేకొద్దీ శుభ్రంగా ఉంచాలని మళ్లీ మళ్లీ కడుగుతూనే ఉంది.

పగిలిన చేతులతో బాలింతల్ని ముట్టుకోకూడదని పెద్ద డాక్టరమ్మ తనను పురిటి గదిలోంచి బయటికి పంపేసింది. పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ తలెటుందో కాళ్లెటున్నాయో చెప్పే మనిషి, ఇప్పుడు ముందు బల్ల దగ్గర కూర్చుని టోకెన్లు ఇస్తోంది. చలికాలం లోపల చేతులు మానకపోతే ఆ చోట్లోకి వేరే నర్సును తీసుకుంటారట. అమ్మ ఏడవలేదు. ఏడిస్తే బాగుండును.


ఫ్యాక్టరీ వెనక వీధి,
వాన, మళ్లీ వాన.

మరదలా,

వేలికి చిన్న గాయమట! నీ 'క' కి తలకట్టు పొగరుగా నిక్కి ఉంటుంది. వచ్చిన ఉత్తరంలో 'క' బుద్ధిగా తల వంచుకుని ఉంది. అప్పుడే అనుకున్నాను. మీ అమ్మాయిని ఏమీ అనకు. అంటే నాకు ఇంకో ఉత్తరం రాస్తుంది, నేను బస్సెక్కి వస్తాను, వస్తే మోకాళ్ల కథ మీరంతా నేరుగా వినాల్సొస్తుంది.

ఇక అసలు సంగతి. రాత్రంతా ఆలోచించాను. దొంగ దొరికాడు. అత్తగారు! ముక్కులోకి అంత ఘాటుగా దూరేది చర్మాన్ని వదులుతుందా? నురుగు అని మేం పిలిచే కుర్రాణ్ణి పిలిపించాను. వాడు నా దగ్గర పని నేర్చుకున్నవాడు, ఇప్పుడు కలిపే గదికి పెద్ద. ఏం చెప్పినా పొంగిపోతాడని ఆ పేరు. నా మాట మీద పీపాల్లోంచి తలా కాస్త తెచ్చిచ్చాడు. మీ అక్క వంటింట్లోంచి నన్ను వెళ్లగొట్టేలోగా కొత్త సీసా కలిపాను. ఇందులో అత్తగారు బొట్టు కూడా లేదు. దారిలో చెడిపోకుండా చిన్నకోడల్ని ఒకటికి రెండు చెంచాలు వేశాను, దానివల్ల ఈగకు కూడా హాని లేదు.

పాత డబ్బా పారెయ్యి. ఇది వాడు. చలికాలం రాకముందే పురిటి గదిలో ఉంటావు, నా ముక్కు మీద ఒట్టు.

నీ బావ.


ప్రసూతి కేంద్రం మేడ మీది ఇల్లు,
వానలు తెరిపిచ్చాక.

బావగారూ,

వంకర గీతలు చూసి మీకే తెలుస్తుంది, నా చేత్తోనే రాస్తున్నాను. రెండు వేళ్లు తప్ప మిగతావి వంగడం లేదు. మీ కొత్త సీసా వాడిన మూడోనాటికి చేతులు పొంగి పూరేకుల్లా విచ్చుకున్నాయి. మీరు బాధపడతారని దాచడం వల్లే ఇంతదాకా వచ్చింది, ఇక దాచను. మీరు కూడా దాచకండి. అన్నం కలిపి వదిలేసి లేస్తున్నారని అక్క ఫోన్ చేసి చెప్పింది.

చర్మం డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. మన అమ్మాయి కంటే చిన్నది. డబ్బాను అటూ ఇటూ తిప్పి, చీటీ మీదున్నది పైకి చదివింది: "నీరు, శుభ్రపరిచే పదార్థం, సువాసన, ఇతరాలు." చదివి నా వంక చూసింది.

"ఇతరాలు అంటే ఎవరండీ?"

"చుట్టాలు" అన్నాను. మీ పీపాల కథ చెప్పాల్సొచ్చింది. పడీ పడీ నవ్వి, నవ్వాగాక కంపెనీకి రాసింది. జవాబు వెంటనే వచ్చింది: అది మా వ్యాపార రహస్యం, చెప్పాలని చట్టంలో ఎక్కడా లేదు. "వీళ్లు అబద్ధం చెప్పడం లేదు, చట్టంలో నిజంగానే లేదు. మన గొడవంతా అదే" అంది.

ఒక్కో పీపాలోదీ విడివిడిగా కాస్త కాస్త తెప్పించగలరా? తను వాటిని బాగా పలచన చేసి, చుక్కలు చుక్కలుగా నా వీపు మీద అంటించి చూస్తుందట. తన దగ్గర కూడా ఇలా జనానికి పడని మందుల వరుస ఒకటి ఉంది, పేర్లతో సహా. అదీ పక్కనే అంటిస్తుందట. ఎవరు కందిస్తే వాళ్లే దొంగ. ముక్కుతో తేలే పని కాదు బావగారూ, ఈసారి నా వీపుకు వదిలేయండి.

మీ మరదలు.


ఫ్యాక్టరీ వెనక వీధి,
మబ్బు పట్టిన రోజు.

మరదలా,

సీసాలు పంపుతున్నాను. దొంగచాటుగా వద్దనిపించి చిన్న యజమాని దగ్గరికే వెళ్లాను. పాతాయన కొడుకు, మంచివాడే. "ఇంతమంది వాడుతున్నారు, ఎవరూ అడగలేదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకు తాతా?" అన్నాడు.

"కందకే దురద పుట్టింది బాబూ, అందుకే వచ్చాను" అన్నాను.

చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. "పేర్లు నేను చెప్పను. మీరు ఏం పట్టుకెళ్లారో నేను చూడలేదు" అని కిటికీ వైపు తిరిగాడు. కిటికీలో చూడ్డానికేమీ లేదు, గోడే ఉంది.

ప్రతి సీసా మీదా మేం పిలుచుకునే పేరే రాశాను. డాక్టరమ్మ తప్పుగా అనుకోదు కదా. ఈ ఉత్తరంలో కబుర్లు లేవు. రావడం లేదు.

నీ బావ.


ప్రసూతి కేంద్రం మేడ మీది ఇల్లు,
చలి మొదలైంది.

బావగారికి,

ముందుగా అమ్మ మాట. "అల్లుడు నాకు క్షమాపణ బాకీ."

అవును. అత్తగారు చుక్క పెట్టినచోట వీపు తెల్లగా, నిమ్మళంగా ఉంది. కొత్తల్లుడూ పెద్దమ్మా మేనమామా అందరూ నిర్దోషులే. ఎర్రగా, రూపాయి బిళ్లంత పొంగింది ఒక్కచోటే. చిన్నకోడలు.

డాక్టరమ్మ వరుసలో కూడా సరిగ్గా ఒక్కటే పొంగింది. మీ సీసాను ల్యాబుకు పంపితే ఆ రెండూ ఒకటేనని తేలింది. ఇన్నాళ్లకు దానికి అసలు పేరు తెలిసింది. పలికితే నాలుక మడతపడే పేరు, చీటీ మీద రాయించుకుని జాకెట్లో పెట్టుకున్నాను. అది అందరికీ పడకుండా పోదట. కానీ తగులుతూ తగులుతూ ఉంటే కొందరి ఒళ్లు ఎదురుతిరుగుతుంది. ఒకసారి తిరిగిందా, ఇక జన్మంతా పడదు.

"మరి మందేమిటమ్మా?" అన్నాను.

"మందు ఇది" అని నా చేతిలోని చీటీ చూపించింది. "ఈ పేరున్నది కొనకూడదు, ముట్టుకోకూడదు. అంతే."

చేతులకు డాక్టరమ్మ ఇచ్చిన నమ్మకమైన సబ్బుబిళ్ల ఒకటుంది, మిగతావాటి మీద ఆ పేరుందేమో చూద్దామని బజారుకెళ్లాను. బావగారూ, షాపులో ఏ సీసా తిప్పినా 'ఇతరాలు'! జుట్టుకు రాసేది, గిన్నెలు తోమేది, ఆఖరికి మా కేంద్రంలో చంటిపిల్లల్ని తుడిచే తడి గుడ్డల పొట్లం కూడా. ఆ గుడ్డలు వాడిన పిల్లల్లో కొందరికి ఎర్రగా పేలుతుంటే వేడి చేసిందనుకునేవాళ్లం. డాక్టరమ్మ వాటినీ ల్యాబుకు పంపింది. చిన్నకోడలు అక్కడా కాపురం పెట్టింది.

నా చేతులు మానుతున్నాయి, నన్ను గురించి బెంగ వద్దు. పెద్ద డాక్టరమ్మ ఎండాకాలం దాకా గడువిచ్చింది. కానీ ఏ సీసాలో ఎవరున్నారో తెలియకుండా నేను ఎన్నాళ్లు మానిన చేతుల్ని కాపాడుకోగలను? రాజధానిలో ప్రభుత్వం వేసిన ఒక సంఘం కూర్చుంటోందట, ఇలాంటి సరుకుల మీద ప్రతి పదార్థం పేరూ రాయాలా వద్దా అని జనాన్ని పిలిచి వింటారట. డాక్టరమ్మ వెళుతోంది. పీపాల సంగతి తెలిసినవాళ్లు ఒకరు కావాలంది. ఎక్కువ మాట్లాడగలిగినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగింది. ఉన్నారని చెప్పాను.

మీ మరదలు.


రాజధాని, స్టేషన్ ఎదుటి లాడ్జి,
మంచం మీద కూర్చుని.

మరదలా,

ముందు మీ అమ్మకు నా దణ్ణం. అత్త మీద కోపం దుత్త మీద చూపేవాళ్లను చూశాం కానీ, దుత్త చేసిన పనికి అత్తను తిట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. పైగా ఒకటికి రెండు చెంచాలు వేశాను! ఆ చెంచా మీ అక్క విడిగా దాచింది. ఎప్పుడైనా నేను గొప్పలు మొదలుపెడితే చాలు, దాన్ని తెచ్చి నా ముందు పెడుతుంది.

పెద్ద హాలు, చల్లగా ఉంది. మధ్యలో సంఘం అధ్యక్షురాలు, కళ్లద్దాల ఆవిడ. కంపెనీల తరఫున కోటు వేసుకున్న పెద్దమనిషి చాలా మర్యాదగా మాట్లాడాడు. పేర్లు బయటపెడితే రహస్యం పోతుందన్నాడు. రాసినా జనానికి అర్థం కాదన్నాడు. మన డాక్టరమ్మ నీ వీపు బొమ్మ తెర మీద చూపించింది (మొహం లేదులే, కంగారు పడకు). చూసి హాలంతా మొహం చిట్లించింది.

తర్వాత నన్ను పిలిచారు. లేవడానికి కాస్త ఆలస్యమైంది, ఎందుకో వివరించబోయాను. "పెద్దాయనా, మీ మోకాళ్ల సంగతి కమిటీకి అవసరం లేదు" అందావిడ. చూశావా, అక్కడ కూడా!

పీపాల కథ చెప్పాను. కొత్తల్లుడి దగ్గర నవ్వారు, అత్తగారి దగ్గర ఇంకా నవ్వారు, చిన్నకోడలి దగ్గరికొచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. అప్పుడు కోటాయన లేచాడు.

"తాతగారూ, చేంతాడంత పేర్లు. రాస్తే మాత్రం ఎవరు చదువుతారండీ?"

"పరీక్ష ఫలితాలు గోడ మీద అంటిస్తారు కదా బాబూ, అన్ని పేర్లూ ఎవరు చదువుతారు? ఎవరి పేరు వాళ్లు వెతుక్కుంటారు. మా మరదలికి కావలసింది ఒక్క పేరు."

"మరి మా రహస్యం?"

"పేర్లు చెప్పండి, పాళ్లు దాచుకోండి. ఉప్పు, కారం, నూనె అని మా ఆవిడ అడిగినవాళ్లందరికీ చెబుతుంది. అయినా ఆ కూర వీధిలో ఇంకెవరి చేతా కాలేదు. నా చేత అసలు కాలేదు."

అధ్యక్షురాలు కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "మీరు అంతకాలం పనిచేశారు కదా, మీకే అనుమానం రాలేదా?" అని అడిగింది. గుచ్చాలని అడిగినది కాదు, తెలుసుకోవాలని అడిగింది.

"దానికి వాసన లేదమ్మా" అన్నాను. "నా ముక్కంత ముక్కు ఈ హాల్లో లేదు. దీనికే దొరకనిది కొనుక్కునేవాళ్లకు ఎలా దొరుకుతుంది? ఎవరి మంచితనం మీదా, ఎవరి ముక్కు మీదా వదలకండి. చట్టం చేసి కాగితం మీద పెట్టించండి."

గంట మోగింది. నా దగ్గర ఇంకా చాలా ఉంది, కానీ కూర్చున్నాను. మీ అక్కకు చెప్పు, నమ్మదు.

ఏమవుతుందో తెలియదు. హాల్లోంచి బయటికొస్తుంటే కోటాయన పక్కకు వచ్చి, "ఆ తడి గుడ్డలు ఏ కంపెనీవండీ? మా ఇంట్లో పసిది ఉంది" అని మెల్లగా అడిగాడు. "పొట్లం మీద చూడండి" అనబోయి, దాని మీద 'ఇతరాలు' అనే ఉంటుందని గుర్తొచ్చి ఆగిపోయాను. డాక్టరమ్మను చూపించాను.

నీ బావ.


ఫ్యాక్టరీ వెనక వీధి,
మళ్లీ ఎండలు.

మరదలా,

పేపరు కత్తిరించి పంపుతున్నాను, అయినా నోటితో చెబితేనే నాకు తృప్తి. నియమం వచ్చింది! ఒంటికి తగిలే ప్రతి సరుకు మీదా ప్రతి పదార్థం పేరూ ఉండాలి. 'ఇతరాలు' అనే మాట ఇకమీదట చెల్లదు. ఒంటి మీద ఉండిపోయేవాటిలో, పిల్లల్ని తుడిచే తడి గుడ్డల్లో చిన్నకోడలు పూర్తిగా నిషేధం. కడిగేసేవాటిలో మాత్రం పేరు వేసి, చిటికెడుకు మించకుండా వాడొచ్చట. గోడలకు వేసే రంగుల్లో కూడా ఇదే చిన్నకోడలు ఉంటుందట, వాటి సంగతి తర్వాత చూద్దామన్నారు. చూడకపోతే నేనున్నాను, నా మోకాళ్లున్నాయి.

చిన్న యజమాని వారం రోజులు మొహం మాడ్చుకుని, తర్వాత చిన్నకోడల్ని పుట్టింటికి పంపించి వేరే మందు తెచ్చాడు. దాని పేరేమిటో ముందే మన డాక్టరమ్మను అడిగాడని నురుగు పొంగిపోతూ చెప్పాడు. పీపాలన్నిటి మీదా వాడి చేతే అసలు పేర్లు రాయిస్తున్నారు. మనవాళ్లు మాత్రం ఇప్పటికీ అత్తగారూ, మేనమామా అనే పిలుస్తున్నారు. పేరుండాలి, ముద్దుపేరూ ఉండాలి.

కొత్త సీసా మీది చీటీని నీళ్లలో నానబెట్టి ఊడదీసి, ఈ కాగితానికి అంటించాను. సీసా పంపలేదు. ముందు చదువు. నీకు నచ్చితే పంపుతాను.

నీ బావ.


ప్రసూతి కేంద్రం, పురిటి గది పక్క వరండా,
పని మధ్యలో.

బావగారూ,

'క' చూశారా? తలకట్టు నిక్కి ఉంది కదూ.

చీటీ అమ్మకు మొత్తం చదివి వినిపించాను. పలకలేనిచోట్ల ఆగి, కూడబలుక్కుని, ఒక్కటి కూడా దాటకుండా. నా జాకెట్లోని చీటీ పక్కన పెట్టి చూసుకున్నాను. లేదు. అందులో ఆ పేరు లేదు. డాక్టరమ్మకు చూపిస్తే తనూ తలూపింది. సీసా పంపండి. అమ్మ అంతా విని, "ఇంతమంది చుట్టాల్ని ఇంట్లో పెట్టుకుని ఇన్నాళ్లూ పేరు అడగలేదా" అంది. మీ క్షమాపణ స్వీకరించింది. చెంచా మాత్రం అక్క దగ్గరే ఉండనిమ్మంది.

కేంద్రంలో కొత్త అలవాటు ఒకటి పెట్టాం. బిడ్డను ఇంటికి తీసుకెళ్లే తల్లులకు పొట్లం వెనక వైపు చదవడం చూపిస్తున్నాను. మొన్న ఒక అమ్మాయి, "ఇన్ని పేర్లేమిటమ్మా" అని భయపడింది. "భయపడకు, వీళ్లు చెప్పుకుని వచ్చినవాళ్లు" అన్నాను.

ఇవాళ పొద్దున పెద్ద డాక్టరమ్మ నా రెండు చేతులూ తిప్పి తిప్పి చూసి, పురిటి గది తలుపు తీసి పట్టుకుంది. లోపల ఒకావిడ, తొలి కాన్పు. బిడ్డ తల ఎటుందోనని భయంతో బిగుసుకుపోయి ఉంది. చేతులు కడుక్కున్నాను, తుడుచుకున్నాను, రుద్ది వెచ్చ చేసుకున్నాను. పొట్ట మీద అరచేతులు ఆనించాను. ముందు ఏమీ తెలియలేదు. చేతులు మర్చిపోయాయేమో అనుకున్నాను బావగారూ. అంతలో కుడిచేతి కింద గుండ్రంగా, గట్టిగా తల దొరికింది. ఎడమచేతి కింద వీపు. ఆ పైన లోపల్నుంచి ఎవరో నా అరచేతిని ఒక్క తన్ను తన్నారు.

పిలుస్తున్నారు. మోకాళ్ల ఉత్తరం పంపండి, ఈసారి నిజంగా చదువుతాను.

మీ మరదలు.